రోజా ఉండకూడని ఒక జబ్బు



రంజాన్ నెల దగ్గరపడుతోందంటే మా దవాఖానాలో అందరిదీ ఒకటే ప్రశ్న: "హకీం సాబ్, ఈసారి రోజా ఉండమంటారా, వద్దంటారా?" షుగర్ ఉన్న పెద్దలు అడుగుతారు. బి.పి. మాత్రలు మింగేవారు అడుగుతారు. కడుపుతో ఉన్న కోడలిని వెంటబెట్టుకుని అత్తగార్లు వస్తారు. చాలామందికి మందుల వేళలు మార్చి, సహరీలో ఏం తినాలో చెప్పి పంపిస్తాను. కొందరిని ఈ సంవత్సరానికి ఆగమంటాను. కానీ ఒక జబ్బు ఉన్నవారికి మాత్రం నా దగ్గర సర్దుబాటు ఏదీ లేదు. వారు ఈ ఏడే కాదు, ఏ ఏడూ ఆకలితో గడపకూడదు. ఆ జబ్బు పేరు పోర్ఫీరియా.

పేరు కొత్తగా ఉంది కదూ! నాకూ ఒకప్పుడు కొత్తే. యునానీ డిప్లొమా చదివే రోజుల్లో ఈ మాట నేను వినలేదు. వాషర్‌మెన్‌పేట్‌లో దవాఖానా పెట్టిన చాలా ఏళ్ల తరువాత, ఒక ఆడపిల్ల నాకు ఈ పాఠం నేర్పింది. ఆ పాఠానికి మూల్యం మాత్రం ఆ పిల్లే చెల్లించింది. ఈ వారం ఆ సంగతే రాస్తున్నాను. నా తప్పు కూడా దాచకుండా రాస్తున్నాను.

నేను చేసిన పొరపాటు

అప్పుడు ఆ అమ్మాయికి పంతొమ్మిదేళ్లు. డిగ్రీ చదువుతోంది. నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. రంజాన్ రెండో వారంలో వాళ్ల అమ్మీ వెంటబెట్టుకుని వచ్చింది. నాలుగు రోజులుగా కడుపునొప్పి, వాంతులు, విరేచనం బంద్. జ్వరం లేదు. పొట్ట నొక్కి చూస్తే మెత్తగానే ఉంది. పిల్ల మాత్రం నొప్పితో మెలికలు తిరిగిపోతోంది. నబ్జ్ చూశాను, చాలా వేగంగా కొట్టుకుంటోంది.

నేను దాన్ని కూలంజ్ అనుకున్నాను. అంటే పేగుల్లో వాయువు చేరి పట్టే నొప్పి. జవారిష్ కమూనీ ఇచ్చాను. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. "రోజా మానవద్దమ్మా, కడుపు ఖాళీగా ఉంటే పేగులకు విశ్రాంతి, నొప్పి అదే తగ్గుతుంది" అని కూడా చెప్పాను. ఆ మాట నేను ఎంతోమందికి చెప్పాను. చాలామందికి మేలు చేసింది కూడా. కానీ ఆ పిల్లకు నేను ఇచ్చిన సలహా విషమే అయింది.

మూడో రోజుకు చేతులు పైకి లేవలేదు. మాట తడబడింది. రాత్రంతా నిద్ర లేక, లేనివి కనిపిస్తున్నాయని ఏడ్చింది. ఇంట్లో ఎవరో "ఆసేబ్ పట్టింది" అన్నారు. ఒక ఆమిల్ దగ్గరకు తీసుకెళ్లి తావీజు కట్టించారు. ఆ తరువాత ఫిట్స్ వచ్చాయి. ఒక నర్సింగ్ హోంలో ఫిట్స్ తగ్గడానికి సూది వేశారు. దాంతో పరిస్థితి ఇంకా విషమించింది. చివరికి పెద్దాసుపత్రికి చేర్చారు. అక్కడ ఒక యువ డాక్టరు మూత్రం సీసాను కిటికీ దగ్గర వెలుతురులో ఉంచి చూశాడట. ఉదయం మామూలుగా ఉన్న మూత్రం సాయంత్రానికి నల్ల కషాయంలా మారింది. వెంటనే పరీక్షకు పంపితే జబ్బు బయటపడింది.

ఆ తరువాత ఆయన ఇంటివారిని అడిగిన మొదటి ప్రశ్న ఇది: "మీ ఇంట్లో ఇలా కడుపునొప్పితో, పిచ్చి మాటలతో ఎవరైనా చనిపోయారా?" అప్పుడు గుర్తొచ్చింది, పిల్ల ఫుఫీ ఇరవై నాలుగేళ్ల వయసులో అలాగే పోయిందని. అందరూ దాన్ని గాలి సోకడమనే అనుకున్నారు.

ఆ అమ్మాయి అల్లాహ్ దయవల్ల బ్రతికింది. ఏడాది పాటు కర్ర పట్టుకుని నడిచింది. ఇప్పుడు పిల్లలకు పాఠాలు చెబుతోంది. నేను ఆ ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. వాళ్ల అబ్బా పెద్దమనసు గలవాడు. "మీకు తెలియదు కదా హకీం సాబ్" అన్నాడు. తెలియకపోవడం ఒకసారికే చెల్లుతుంది. తెలిశాక ఊరుకుంటే అది నేరం.

ఇంతకీ ఏమిటీ జబ్బు?

మన రక్తం ఎర్రగా ఉండటానికి కారణం హీమ్ అనే పదార్థం. ఊపిరి ద్వారా లోపలికి వచ్చిన గాలిలోని ప్రాణవాయువును ఒళ్లంతా మోసేది అదే. శరీరం ఈ హీమ్‌ను ఎక్కువ భాగం ఎముకల మూలుగలో, మిగతాది ముఖ్యంగా జిగర్‌లో, అంటే కాలేయంలో తయారు చేసుకుంటుంది. ఈ తయారీ ఎనిమిది మెట్లలో జరుగుతుంది. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో ఎంజైమ్ పని చేస్తుంది. నేత మగ్గం దగ్గర ఎనిమిది మంది వరసగా కూర్చుని, ఒకరి పని ముగించి పక్కవారికి అందిస్తున్నారనుకోండి. మధ్యలో ఒకరి చేయి నెమ్మదిస్తే ఏమవుతుంది? ముందున్నవారు చేసిన సరుకంతా ఆయన దగ్గర గుట్టపడుతుంది. పోర్ఫీరియాలో జరిగేది అదే. పుట్టుకతోనే ఒక ఎంజైమ్ సగం బలంతో ఉంటుంది. పూర్తికాని సరుకు శరీరంలో పేరుకుంటుంది.

ఆ పేరుకున్న పదార్థాలను బట్టి జబ్బు రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకటి నరాల మీద దెబ్బ కొట్టేది. అది ఉన్నట్టుండి విరుచుకుపడుతుంది. భరించలేని కడుపునొప్పి, వాంతులు, మలబద్ధకం, గుండె దడ, బి.పి. పెరగడం, రక్తంలో ఉప్పు తగ్గడం, చేతులు కాళ్లు పడిపోవడం, మతి చలించడం దాని లక్షణాలు. రెండోది చర్మం మీద పనిచేసేది. ఎండ తగిలితే బొబ్బలు, మంట, పుండ్లు. కొన్ని రకాల్లో రెండూ ఉంటాయి. పోర్ఫీరియా అనే పేరు ఊదా రంగుకు గ్రీకు భాషలో ఉన్న మాట నుంచి వచ్చింది. రోగి మూత్రానికి వచ్చే ఆ ముదురు రంగే పేరుగా మిగిలింది.

ఇది చాలా అరుదైన జబ్బు. ఐరోపాలో లెక్కలు తీస్తే, నరాల రకాల్లో ఎక్కువగా కనిపించే దానితో బాధపడేవారు పది లక్షల మందికి సుమారు ఐదారుగురు మాత్రమే. కానీ లోపం ఉండి ఏ బాధా లేకుండా తిరిగేవారు అంతకు ఎన్నో రెట్లు. లోపం ఉన్న పది మందిలో తొమ్మిది మందికి దాదాపు జీవితమంతా ఏమీ కాకపోవచ్చు. ఆ లోపం నిద్రపోతున్న పాము వంటిది. దాన్ని లేపేది మనమే.

నిద్రపోయే పామును లేపేవి

ఈ సంగతిని లోకానికి బాగా చూపించిన దేశం దక్షిణాఫ్రికా. అక్కడ స్థిరపడిన డచ్చివారిలో ఒక జంటకు 1688లో కేప్ ప్రాంతంలో పెళ్లి అయింది. వారి వంశం వేలల్లో పెరిగింది. ఆ వంశంతోపాటు చర్మానికీ నరాలకూ వచ్చే ఒక రకం పోర్ఫీరియా కూడా పెరిగింది. రెండు వందల యాభై ఏళ్లకు పైగా ఆ కుటుంబాలు మామూలుగానే బ్రతికాయి. చేతుల మీద బొబ్బలు వస్తే "మా ఇంటి చర్మం ఇంతే" అనుకున్నారు. ఇరవయ్యో శతాబ్దంలో బార్బిచురేట్ నిద్రమందులు, ఆపరేషన్‌కు ముందు ఇచ్చే మత్తు సూదులు వచ్చాయి. అప్పటి నుంచి ఆ ఇళ్లవారు ఆసుపత్రుల్లో పక్షవాతం వచ్చి చనిపోవడం మొదలైంది. డాక్టర్ జెఫ్రీ డీన్ అనే ఆయన ఇంటింటికీ తిరిగి, వంశవృక్షాలు గీసి, ఈ గుట్టు విప్పాడు. ఆ వివరాలతో 1963లో పుస్తకం కూడా రాశాడు.

అంటే వంశంలో ఉన్న లోపం ఒకటి, దాన్ని లేపే కారణం ఇంకొకటి. రెండూ కలిస్తేనే ప్రమాదం. వంశాన్ని మనం మార్చలేం. లేపే కారణాలను మాత్రం మన చేతుల్లో ఉంచుకోవచ్చు. ఆ కారణాలు ఇవి: కొన్ని మందులు, మద్యం, పొగ, తీవ్రమైన జ్వరాలు, విపరీతమైన మానసిక ఒత్తిడి, ఆడవారిలో నెలసరికి ముందు రోజులు, అన్నిటికీ మించి ఆకలి.

ఆకలి ఎందుకు? కడుపు ఖాళీ అయి రక్తంలో చక్కెర తగ్గినప్పుడు, జిగర్ ఆ ఎనిమిది మెట్లలో మొదటి మెట్టు దగ్గర వేగం పెంచేస్తుంది. ఇలా ఎందుకు జరుగుతుందో 2005లో అమెరికా శాస్త్రజ్ఞులు కణాల స్థాయిలో చూపించారు. మామూలు మనిషికి ఆ వేగం వల్ల నష్టం లేదు. కానీ కింద ఒక మెట్టు బలహీనంగా ఉన్నవారిలో సరుకు ఒక్కసారిగా గుట్టపడుతుంది. అందుకే ఈ జబ్బు వచ్చినప్పుడు ఆసుపత్రిలో మొదట ఎక్కించేది గ్లూకోజు. తియ్యని ఆహారం ఆ వేగాన్ని తగ్గిస్తుంది. మన చెన్నైలో ఒక రోజా సుమారు 13, 14 గంటలు. అలాంటివి వరసగా ముప్పై. ఈ జబ్బు ఉన్న శరీరానికి అది ఎంత పరీక్షో మీరే ఆలోచించండి.

షరీఅత్ ఇచ్చిన వెసులుబాటును వద్దనడం భక్తి కాదు

ఇక్కడే నా అసలు మాట. ఆ అమ్మాయి కోలుకున్న మరుసటి రంజాన్‌లో మళ్లీ రోజా ఉంటానని పట్టుబట్టింది. "అందరూ ఉంటుంటే నేను తింటూ కూర్చోవాలా? అల్లాహ్ మీద భరోసా ఉంటే ఏమీ కాదు" అంది. నానీ కూడా "ఒక్క జుమా రోజు ఉండనీ" అంది. ఆ మాటల వెనుక ఉన్న భక్తిని నేను గౌరవిస్తాను. ఆ నిర్ణయాన్ని మాత్రం ఒప్పుకోను.

రోగికి రోజా విషయంలో వెసులుబాటు ఏ హకీమో, ఏ డాక్టరో ఇచ్చింది కాదు. ఖుర్ఆన్‌లో సూరహ్ అల్-బఖరా 184, 185 ఆయతుల్లో రోజా విధిగా చేసిన చోటే రోగికి, ప్రయాణికుడికి సడలింపు కూడా ఉంది. తగ్గిపోయే జబ్బు అయితే తరువాత ఆ రోజులు పూర్తి చేయాలి. ఎప్పటికీ తగ్గని జబ్బు అయితే ఫిద్యాగా పేదవారికి అన్నం పెట్టాలి. ఏది ఎవరికి వర్తిస్తుందో మీ మసీదు ఆలింను అడగండి. కానీ వెళ్లేటప్పుడు డాక్టరు రాసిన కాగితం వెంట తీసుకెళ్లండి. "కడుపునొప్పి వస్తుందండీ" అంటే ఆయనకు ఏం అర్థమవుతుంది? "ఆకలితో ఉంటే ఈమెకు పక్షవాతం రావచ్చు, ప్రాణం పోవచ్చు" అని చెప్పండి. అప్పుడు ఆయన సరైన జవాబు ఇస్తారు.

చాలా ఇళ్లలో అసలు కష్టం ధర్మం దగ్గర లేదు, నలుగురి కళ్ల దగ్గర ఉంది. పగలు తినే ఆడపిల్లను చూసి చుట్టాలు గుసగుసలాడతారు. పిల్ల సిగ్గుపడి, వంటింటి మూల దాక్కుని రెండు ముద్దలు తింటుంది, లేదా తినడమే మానేస్తుంది. అమ్మీలకు, అత్తగార్లకు నా మనవి ఒక్కటే. ఆ పిల్లకు పగటి భోజనం మీరే పళ్లెంలో వడ్డించండి. ఇంటి పెద్ద వడ్డిస్తే ఎవరూ నోరెత్తరు. ఆమె ఇఫ్తార్ తయారీలో పాలుపంచుకోనివ్వండి, దువాలో కూర్చోబెట్టండి. రంజాన్ ఆమెది కూడా.

ఇంకొక మాట. ఇప్పుడు బరువు తగ్గడానికి రోజుకు పదహారు గంటలు తినకుండా ఉండటం, అన్నం రొట్టె పూర్తిగా మానడం మన యువతలో ఫ్యాషన్ అయింది. ఈ జబ్బు ఉన్న వంశంలో పుట్టినవారు దాని జోలికి పోకూడదు. రోజా వద్దన్నప్పుడు ఇది మాత్రం ఎలా మంచిది అవుతుంది?

మా హకీంలు తెలుసుకోవలసింది

మూత్ర పరీక్ష మా వైద్యంలో ఎంతో పాతది. ఖారూరా చూడటం అంటారు. ఇబ్నె సీనా తన అల్ ఖానూన్ గ్రంథంలో మూత్రం రంగుల గురించి వివరంగా రాశాడు. ఎరుపు, నలుపు రంగులను కూడా చర్చించాడు. అలాంటి విద్యకు వారసులమైన మేమే ఈనాడు ఖారూరా చూడటం మానేశాం. కారణం తెలియని కడుపునొప్పితో వయసులో ఉన్న ఆడపిల్ల వస్తే, మూత్రం రంగు గురించి అడగండి. వెలుతురులో ఉంచితే ముదురుతుందేమో చూడండి. అయితే రంగు మారకపోయినంత మాత్రాన జబ్బు లేదనుకోకండి. అసలు తేల్చేది ప్రయోగశాలలో చేసే పోర్ఫోబిలినోజన్ పరీక్ష. అది నొప్పి ఉన్నప్పుడే చేయించాలి. నమూనా సీసాకు వెలుతురు తగలకుండా నల్ల కాగితం చుట్టి పంపాలి. వాషర్‌మెన్‌పేట్‌కు స్టాన్లీ ఆసుపత్రి ఎంతో దూరం కాదు. అక్కడి డాక్టర్లను అడగండి. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వంటి పెద్ద ఆసుపత్రులకు కూడా వెళ్లవచ్చు.

వయసులో ఉన్న ఆడపిల్లకు నొప్పి, ఏడుపు, మతి తప్పడం కలిసి వస్తే మా పాత పుస్తకాల్లో ఇఖ్తినాఖుర్రహిమ్ అని ఒక పేరుంది. ఇంగ్లీషు డాక్టర్లు హిస్టీరియా అనేవారు. ఊళ్లో ఆసేబ్ అంటారు. పేర్లు మూడు, తప్పు ఒకటే. పిల్ల నటిస్తోందనో, దయ్యం పట్టిందనో తీర్పు చెప్పేశాక ఎవరూ ఇంకేమీ వెతకరు. దువా చేయించండి, నేను వద్దనను. కానీ దువాకు ముందో వెనుకో మూత్ర పరీక్ష కూడా చేయించండి.

మా మందుల సంగతి కూడా నిజాయితీగా చెప్పాలి. "యునానీ మందు కదా, సైడ్ ఎఫెక్ట్ ఉండదు" అని మన జనం నమ్మకం. ఆ నమ్మకాన్ని పెంచినవారిలో నేనూ ఉన్నాను. కానీ జిగర్‌కు, కడుపుకు మేము వాడే అఫ్సంతీన్‌లో థూజోన్ అనే పదార్థం ఉంది. ఇది, కాఫూర్, అంటే కర్పూరం, రెండూ కోడిపిల్ల పిండం కాలేయ కణాల్లో పోర్ఫిరిన్ల తయారీని పెంచాయని 1992లో ప్రయోగాలు చేసి చూపించారు. మనిషిలోనూ అంతే జరుగుతుందని దాంతో రుజువు కాలేదు. అయినా ఈ జబ్బు ఉందని తెలిసినవారికి నేను అఫ్సంతీన్, కాఫూర్ కలిసిన మందులు ఇవ్వను. పేరు తెలియని మూలికల పొడులు, ఏం కలిసిందో రాయని మాజూన్లు అసలే వద్దు.

సీసం సంగతి మరీ ముఖ్యం. సీసం ఒంట్లో చేరితే అది హీమ్ తయారీలోని రెండు మెట్లను పాడు చేస్తుంది. అప్పుడు వచ్చే కడుపునొప్పి, మలబద్ధకం, నరాల బలహీనత అచ్చం పోర్ఫీరియాలాగే ఉంటాయి. సరిగా తయారుకాని కుష్తాల నుంచి, సీసం కలిసిన సుర్మా నుంచి, పాత బ్యాటరీలు విరగ్గొట్టే పని నుంచి అది ఒంట్లో చేరుతుంది. కాబట్టి నొప్పితో వచ్చినవారిని "మీరు ఏ కుష్తా వాడుతున్నారు? ఏం పని చేస్తారు?" అని అడగడం హకీం బాధ్యత. రాయపురంలోనే ప్రాంతీయ యునానీ పరిశోధన సంస్థ ఉంది. సందేహం ఉన్న మందు గురించి అక్కడి పెద్దలను అడిగితే మనకు చిన్నతనం ఏమీ కాదు.

అల్లోపతి మందుల్లోనూ జాగ్రత్త ఉంది. ఫినోబార్బిటోన్, ఫెనిటాయిన్, కార్బమజెపీన్ వంటి ఫిట్స్ మందులు, సల్ఫా మందులు, క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, తామరకు ఇచ్చే గ్రిసియోఫల్విన్, కొన్ని హార్మోన్ మాత్రలు ఈ రోగికి ప్రమాదం. పారాసిటమాల్, పెన్సిలిన్ వంటివి సాధారణంగా ఇవ్వవచ్చు. ఏది మంచిది, ఏది కాదు అనే పెద్ద పట్టికలు నార్వే, అమెరికా వంటి దేశాల్లోని పోర్ఫీరియా సంస్థలు తయారు చేశాయి. డాక్టర్లు వాటిని చూసుకోవచ్చు. అందుకే ఈ జబ్బు ఉన్నవారు మెడికల్ షాపులో అడిగి మాత్ర కొనుక్కోవడం మానాలి.

ఆరు సూత్రాలతో రోజువారీ జీవితం

ఈ జబ్బును పూర్తిగా పోగొట్టే యునానీ మందు నాకు తెలియదు. ఉందని ఎవరైనా చెబితే డబ్బు ఇవ్వకండి. కానీ ఆరోగ్యాన్ని నిలబెట్టే ఆరు అంశాలను మా వైద్యం అస్బాబె సిత్తా జరూరియా అంటుంది. జబ్బుతో బ్రతకడానికి అవి ఎంతో పనికొస్తాయి.

మొదటిది గాలి. బీడీ, సిగరెట్ పొగ వద్దు. ఇంట్లో మగవారు కూడా బయటికి వెళ్లి తాగడం కాదు, మానేయాలి. రెండోది ఆహారం. మూడు పూటలా సమయానికి తినాలి. అన్నం, రొట్టె, ఇడ్లీ, ఖర్జూరం, అరటిపండు మంచివే. పూట తప్పకూడదు. ప్రయాణంలో సంచిలో రెండు అరటిపళ్లు ఉండాలి. అలాగని రోజంతా మిఠాయిలు తిని షుగర్ తెచ్చుకోమని కాదు. మూడోది శ్రమ, విశ్రాంతి. తేలికపాటి నడక మంచిది, అలసి పడిపోయేంత పని వద్దు. నాలుగోది మనసు. పెళ్లిళ్లు, పరీక్షలు, ఇంట్లో గొడవలు జబ్బును లేపుతాయి. ఐదోది నిద్ర. రాత్రి మేలుకోవడం తగ్గించాలి. ఆరోది విసర్జన. మలబద్ధకం, మూత్రం రంగు మారడం గమనించాలి. నెలసరి తేదీలు ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఆ ముందు వారంలో ఎవరికి నొప్పి వస్తుందో డాక్టరుకు తెలియాలి.

నొప్పి మొదలై వాంతులతో తిండి లోపలికి పోకపోతే ఇంట్లో ఉండకండి. ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కిస్తారు, ఉప్పు శాతం చూస్తారు. తీవ్రమైతే హీమ్‌నే సూదిగా ఇస్తారు. ఆ చికిత్సను 1971లో మొదటిసారి వాడారు. అది మన దేశంలో అంత సులభంగా దొరకదు, ఖరీదు కూడా ఎక్కువ. మళ్లీ మళ్లీ దాడులు వచ్చేవారికి గివోసిరాన్ అనే కొత్త సూదికి 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాని ధర మనబోటి కుటుంబాలకు అందేది కాదు. అందుకే మనకు జాగ్రత్తే పెద్ద మందు. యాభై దాటాక ఈ రోగులు కాలేయానికి ఆరు నెలలకోసారి స్కాన్ చేయించుకోవాలి, ఎందుకంటే వీరికి కాలేయ క్యాన్సర్ ముప్పు ఎక్కువ. మూత్రపిండాలు, బి.పి. కూడా చూపించుకుంటూ ఉండాలి.

చర్మం రకాల గురించి రెండు మాటలు. చేతుల వెనుక చర్మం పలచబడి, ఎండకు బొబ్బలు లేచే ఒక రకానికి రక్తం తీయడమే చికిత్స. మా పెద్దలు ఫస్ద్ అన్నది గుర్తొస్తుంది కదా! కానీ ఆసుపత్రిలో రక్తంలోని ఇనుము లెక్క చూసి, సుమారు రెండు వారాలకోసారి ఒక సీసా చొప్పున తీస్తారు. హిజామాలో వచ్చే నాలుగు చుక్కలు దానికి సరిపోవు. నరాల రకానికి రక్తం తీయడం వల్ల లాభమే లేదు. ఈ చర్మ రకం పుట్టుకతోనే రానక్కరలేదు. టర్కీ ఆగ్నేయ ప్రాంతంలో 1955 నుంచి 1959 వరకు, విత్తనానికి హెక్సాక్లోరోబెంజీన్ అనే మందు పట్టించిన గోధుమలను పిండి చేసి రొట్టెలు తిని వేలమంది దీని బారిన పడ్డారు. తల్లిపాల ద్వారా విషం చేరి ఎందరో పసిబిడ్డలు చనిపోయారు. ఊళ్లో వ్యవసాయం చేసే మన బంధువులకు ఈ సంగతి చెప్పండి. విత్తనం విత్తనమే, తిండి కాదు.

నిస్బత్ కుదిరేటప్పుడు దాచకండి

చివరగా అందరూ తప్పించుకునే విషయం. నరాల రకాల్లో ఎక్కువ భాగం తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే బిడ్డకు వస్తాయి. ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. ఇంట్లో ఒకరికి తేలితే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు పరీక్ష చేయించాలి. చర్మానికి వచ్చే మరో తీవ్రమైన రకం ఉంది. అది తల్లి వైపు, తండ్రి వైపు రెండు వైపులా లోపం ఉంటేనే బిడ్డకు వస్తుంది. కాబట్టి ఆ లోపం ఉన్న కుటుంబంలో చాచా కూతురు, మామూ కొడుకు సంబంధాలు కలిపే ముందు డాక్టరుతో మాట్లాడాలి.

మన ఇళ్లలో ఏం జరుగుతుంది? అమ్మాయి జబ్బు సంగతి చెబితే నిస్బత్ తప్పిపోతుందని దాచేస్తారు. పెళ్లయిన మొదటి రంజాన్‌లో కొత్త కోడలు అత్తింటివారికి చెప్పలేక రోజా ఉంటుంది. నొప్పి వస్తే తెలియక ఏదో మాత్ర ఇస్తారు. దాచి చేసిన పెళ్లి పిల్లను ఆసుపత్రికి చేరిస్తే ఎవరి పరువు నిలుస్తుంది? ముందే చెప్పండి. "మా పిల్ల ఆరోగ్యంగానే ఉంటుంది. పూట తప్పకుండా తినాలి, డాక్టరును అడగకుండా మందు వేయకూడదు, అంతే" అనండి. ఆ రెండు షరతులకు ఒప్పుకోని ఇంటికి పిల్లను ఇవ్వకపోవడమే మేలు.

ఒక చిన్న కార్డు తయారు చేసి పర్సులో పెట్టించండి. పేరు, జబ్బు పేరు, ఇవ్వకూడని మందులు, డాక్టరు ఫోన్ నంబరు ఉంటే చాలు. స్పృహ తప్పిన వేళ ఆ కార్డే ఆమె తరఫున మాట్లాడుతుంది.

నేను ఇప్పుడు రంజాన్‌కు ముందు నొప్పితో వచ్చే ప్రతి ఆడపిల్లనూ, ప్రతి యువకుడినీ అడుగుతాను: "మీ ఇంట్లో ఇలా ఎవరైనా పోయారా? మూత్రం రంగు మారుతోందా?" వందమందిని అడిగితే తొంభై తొమ్మిది మంది "లేదు హకీం సాబ్" అంటారు. ఆ మిగిలిన ఒక్కరి కోసమే అడుగుతాను. మీరూ మీ ఇంట్లో అడగండి.

అల్లాహ్ మన పిల్లలందరినీ చల్లగా చూడుగాక. ఆమీన్.